మోసేది రోజూ, కాల్చేది ఎప్పుడో

2023 సెప్టెంబర్ 27, బుధవారం

మళ్ళీ అదే మాట. "పాలిమర్ అంటే ప్లాస్టిక్కే కదా, కిడ్." అన్నది బ్రెంట్, మా సూపర్‌వైజర్. అతని నోట్లో పడితే ప్లాస్టిక్ కూడా తిట్టే. క్యాష్ ట్రక్కు ఎక్కేది మేము. తుపాకి నడుముకి కట్టుకుని బ్యాంకులకీ మాల్స్‌కీ సంచులు మోసేది మేము. ఏది కట్టుకోవాలో తేల్చేది మాత్రం డిపోలో కుర్చీ దిగని మనిషి.

పాత స్టీల్ పిస్టళ్ళు అరిగిపోయాయి, కొత్తవి కొనాలట. మళ్ళీ స్టీలేనా, పాలిమర్‌కి మారాలా... అక్టోబర్ అంతా ట్రయల్. శాంపిల్ పాలిమర్ ఒక్కటే వచ్చింది, అది మా ట్రక్కుకి. మా ట్రక్కు నడిపే రత్నక్కకి ఇవ్వమన్నాను. "స్టీల్‌కి అలవాటు పడని చెయ్యి నీదే" అని నాకు అంటగట్టాడు.

కావలసింది అక్కకి. ఆమె కుడి తుంటి అరిగిపోతోంది. నడుము మీద బరువు తగ్గించమని డాక్టర్ రాసిచ్చాడు. తగ్గించలేకపోతే ట్రక్కు దిగి లెక్కింపు గదిలో కూర్చోవాలి. అక్కడ దొరికేది సగం షిఫ్టులు. ఇద్దరు పిల్లలతో, ఒక్కతే. ఈ ఉద్యోగానికి నా పేరు చెప్పింది కూడా ఆమే.

ఇంత తేలిక విషయానికి నెల ట్రయల్ ఎందుకు? కోపం వస్తోంది. పడుకుంటాను.

సెప్టెంబర్ 29

నాణేల సంచులు తూచే తక్కెడ మీద రెండూ పెట్టి చూశాను. గుళ్ళు నింపిన స్టీల్‌ది కిలో దాటింది. పాలిమర్ కిలోకి చాలా ఇవతలే ఆగిపోయింది. బ్రెంట్ చూశాడు — "ఆ తక్కెడ నాణేలకి."

అక్టోబర్ 1, ఆదివారం

బేస్‌మెంట్‌లోకి ఇంకో ఇద్దరు దిగారు. ఒకడిది ఒంగోలు, ఇంకొకడిది నల్గొండ. పరుపులు గోడకి గోడకి ఆనించి వేశాం. బాత్రూమ్ దగ్గర క్యూ చూస్తే రేషన్ షాపే. పైన ఇంటివాళ్ళు సుగుణ ఆంటీ, అంకుల్ — హైదరాబాద్ నుంచి డాలస్, డాలస్ నుంచి సరిహద్దు దాటి ఇక్కడికి. ఆంటీ కొత్తవాళ్ళకి పులిహోర పంపింది.

నేను తుపాకి కడతానని నా పక్క పరుపు పవన్ కొత్తవాళ్ళకి చెప్పేశాడు. ఇక మొదలు.

"అన్నా, ఒక్కసారి ఇంటికి తేవా, ఫొటో దిగుతాం" అన్నాడు ఒంగోలువాడు.

"డిపో దాటి రాదురా. ఉదయం తీసుకుంటాను, సాయంత్రం అప్పజెప్తాను. ఇంటికొచ్చేది ఖాళీ బెల్టు, దాని ఒర — ఖాళీ హోల్‌స్టర్."

"అబ్బో. మా బావ డాలస్‌లో జేబులో పెట్టుకుని కూరగాయలకి పోతాడు."

ఆ బావకి వీడియో కాల్ కూడా కలిపారు. ఆయన దుప్పట్లో పడుకుని తీర్పు చెప్పాడు — మగాడన్నవాడు స్టీలే కొంటాడట, పాలిమర్ ఆడవాళ్ళ హ్యాండ్‌బ్యాగుల కోసం చేశారట. ఫోన్ పెట్టేశాను. పవన్ నవ్వుతూనే ఉన్నాడు — "మావా, నీకు గన్ను ఇవ్వడం ఈ దేశం చేసిన పెద్ద పొరపాటు. నీ నోరే చాలు."

అక్టోబర్ 4

రాసేశాను. ఒక్క పేజీ.

పదో తరగతి నుంచీ కరపత్రాలే నా చదువు. పుస్తకాల ప్రదర్శనలో ఎవరూ ఆగని బల్లల దగ్గర ఆగి, రూపాయి, రెండు రూపాయల పుస్తకాలు సంచీ నిండా తెచ్చుకునేవాణ్ణి. హేతువాదం, పని గంటలు, కార్మికుడి ఒళ్ళు ఎవరి ఆస్తి... ఇక్కడి కాలేజీలో రెండేళ్ళు చదివిన సప్లై చెయిన్ కంటే ఆ పుస్తకాలే పనికొచ్చాయి. ఏ సంగతైనా ఒక పేజీలో పట్టాలి. పట్టకపోతే అది ఇంకా అర్థం కానట్టు.

నా పేజీలో ఉన్నది ఇంతే — ఈ తుపాకిని మనం కాల్చేది షూటింగ్ రేంజ్‌లో, పరీక్ష రోజున. మోసేది రోజూ, షిఫ్టు పొడుగునా. మీరు పెట్టే పరీక్ష మాత్రం కాల్చడానికే. మోసే ఒంటికి పరీక్ష ఎక్కడ? స్టీల్ గురి బాగుంటుంది, నిజమే. బరువుంది కాబట్టి చేతిలో ఎగరదు. ఆ బరువే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తుంటి ఎముక మీద కూర్చుంటుంది. మాతో పాటు మెట్లు ఎక్కుతుంది, ట్రక్కు సీట్లో పక్కటెముకలోకి గుచ్చుకుంటుంది. ఉదాహరణకి మా ట్రక్కులో ఒకామె...

లంచ్ రూమ్ గోడకి పిన్నులు గుచ్చి పెట్టాను.

అక్టోబర్ 5

పేజీ లేదు. పిన్నులు మాత్రం ఒక వరసలో చక్కగా గుచ్చి ఉన్నాయి. బ్రెంట్ పిలిచాడు. అరవలేదు. అరిస్తే బాగుండేది. కిటికీలోంచి రిసెప్షన్ చూపించాడు. అక్కడ ఉద్యోగం కోసం అరడజను మంది కుర్రాళ్ళు, అందరి చేతుల్లో ప్లాస్టిక్ ఫోల్డర్లు. సగం మంది మనవాళ్ళే.

"వీళ్ళు రోజూ వస్తారు, కిడ్. నీకు వాల్‌పేపర్ అంటించే పని కావాలంటే చెప్పు."

ఒక ఆకలిగొన్నవాణ్ణి చూపించి ఇంకో ఆకలిగొన్నవాణ్ణి నోరు మూయించడం... దీని మీద కూడా ఒక పేజీ రాయాలి.

అక్టోబర్ 6

పేజీ తీయకముందే అక్క చదివిందట. మెక్లౌడ్ ట్రెయిల్ రోడ్డు మీద సిగ్నల్ దగ్గర మొదలుపెట్టింది.

"నా తుంటి సంగతి గోడకెక్కించావేంట్రా అబ్బాయ్?"

"పేరు రాయలేదక్కా."

"మన ట్రక్కులో ఆడమనిషి ఇంకెవత్తుందిరా? ఆ రెండో ట్రక్కు లెబనాన్ ఆయన లంచ్ దగ్గర కుర్చీ లాగి మరీ వేశాడు నాకు. ముసలిదాన్ని కూర్చోబెట్టినట్టు."

నేను న్యాయం గురించి ఏదో అన్నాను. విననే లేదు.

"ముందు నన్ను అడిగావా? నాకు తుంటి ఒక్కటే కాదు, కుడి మణికట్టు కూడా ఉంది. కాయిన్ సంచులు ఎత్తీ ఎత్తీ అదీ పోయింది. స్టీల్‌ది నడుముని చంపుద్ది, కాల్చినప్పుడు మాత్రం బుద్ధిగా కూచుంటాది. నీ ప్లాస్టిక్‌ది తేలికే. తేలిక గుర్రం తన్నుద్ది, ఆ తన్ను మణికట్టుకే. నాకు ఏది కావాలో నాకే తెలీదు. నీకెలా తెలిసిందిరా?"

"కాల్చేది ఎప్పుడో అక్కా. మోసేది రోజూ."

"గోడ మీద చదివాలే."

పచ్చలైటు పడింది. నేను చెప్పింది తప్పు కాదు. కానీ...

అక్టోబర్ 9

థాంక్స్‌గివింగ్. ఇక్కడ అది అక్టోబర్‌లోనే, బ్యాంకులకి సెలవు. ఆంటీ వాళ్ళింట్లో టర్కీ బదులు కోడి పలావు. నిద్రపోయాను.

అక్టోబర్ 12

పాలిమర్‌తో ఇన్ని రోజులూ. ఇవి పేజీలో పెట్టని సంగతులు, నాకోసం.

మొదటి వారం అది ఉందో లేదో అని చెయ్యి మాటిమాటికీ పోయేది. ఇప్పుడు పోవడం లేదు. మంచిదో కాదో తెలియదు. ఉన్న సంగతి మరిచిపోయేంత తేలిక తుపాకి మంచిదేనా? స్టీల్ మరిచిపోనివ్వదు. ఆ సుగుణం దానికుంది.

చలి మొదలైంది. బయట వణికి బ్యాంకు లాబీ వేడిలోకి రాగానే అక్క స్టీల్‌కి చెమట పడుతుంది, కళ్ళజోడుకి ఆవిరి పట్టినట్టు. సాయంత్రం ఆమె తుడిచి నూనె రాయాలి. నాది ఊరికే గుడ్డతో తుడిస్తే సరి. చలికాలం అంతా ఆమె పది నిమిషాలు ఎక్కువ నిలబడాలి, అదే తుంటి మీద.

బ్రెంట్‌కి చెప్పాను. "నూనె రాయడం మంచి అలవాటు" అన్నాడు.

అక్టోబర్ 20

25న రేంజ్. బ్రెంట్ చూస్తుండగా కాల్పులు, ఆ రోజే తేల్చేస్తాడు. పాలిమర్ వైపు నేను, స్టీల్ వైపు లెబనాన్ ఆయన. మోసేవాళ్ళ మాట అడుగుతారా అంటే "కామెంట్స్ అని చివర ఒక గడి ఉంటుంది" అన్నాడు.

అక్క కొంచెం కుంటుతోంది. చూడనట్టు ఉన్నాను. చూస్తే తిడుతుంది.

అక్టోబర్ 23, సోమవారం

పైన ఆంటీ వాళ్ళింట్లో ఆయుధ పూజ పండగ. గంట మోగుతూనే ఉంది. షిఫ్టు నుంచి రాగానే స్నానానికి పోయాను, బెల్టుని ఒరతో సహా మెట్ల రెయిలింగుకి తగిలించి. వచ్చేసరికి దానికి పసుపు, కుంకుమ, చామంతి పువ్వు. పక్కన వరసగా పవన్ లాప్‌టాప్, నల్గొండవాడి డెలివరీ బ్యాగు, ఆంటీ ప్రెషర్ కుక్కర్, అంకుల్ స్నో షవల్ — అన్నిటికీ బొట్లు.

కిందటేడు నేను ఆంటీతో గంటసేపు వాదించాను, కుక్కర్‌కి ఆత్మ లేదని. మరిచిపోయిందా, మరిచిపోయినట్టు నటించిందా...

"ఆంటీ, నాకు ఇవి వద్దని చెప్పాను కదా."

"నీకు వద్దు లే బిడ్డా. బెల్టుకు పెట్టిన. నువ్వు రోజు పైసల బండ్ల పోతవ్. నాకు భయమైతది."

"తుపాకికి పూజ చేస్తే అది మంచిది అయిపోతుందా?"

"తుపాకికెవడు చేసిండు? ఆయుధం పట్టినోడు పాడుకావొద్దని చేస్తం. గంతే. తిన్నవా?"

కోపం వచ్చింది. తడి గుడ్డ పెట్టి బరబరా తుడిచేశాను. పువ్వు తీసి పారేశాను. పవన్ — "మావా, దేవుడు నీ మీద కేసు పెడతాడు."

అక్టోబర్ 25, బుధవారం

రేంజ్ నుంచి ఇప్పుడే వచ్చాను.

మొదటి మ్యాగజైన్, ఆ గుళ్ళ డబ్బా ఖాళీ అయ్యేదాకా — శుభ్రంగా. గుళ్ళన్నీ టార్గెట్ లోపలి గీతలోనే. బ్రెంట్ కనుబొమ్మ లేచింది. గెలిచాం అనుకున్నాను. తిరిగి ఒరలో పెట్టి, తీసి, రెండో మ్యాగజైన్. మూడో గుండుకి తుపాకి పై భాగం వెనక్కి వెళ్ళి, తిరిగి రాలేదు. సగంలో నిలిచిపోయింది. చెయ్యి ఎత్తాను. రేంజ్ అతను వచ్చి, ఖాళీ చేసి, విప్పాడు. ట్వీజర్స్‌తో లోపలి నుంచి ఏదో తీసి లైటు కింద పెట్టాడు.

బియ్యపు గింజ. పసుపు రంగు.

"రైస్?" అన్నాడు బ్రెంట్. అందరూ నా వైపు చూశారు. నేను ఆ గింజ వైపు చూశాను. అక్షింతలు. ఆంటీ అక్షింతలు కూడా వేసింది. పైపైన తుడిచాను, లోపల చూడలేదు. ఒర అడుగున పడి ఉన్న గింజ తుపాకి ముందు భాగంలోంచి లోపలికి దూరింది.

లెబనాన్ ఆయన స్టీల్ ఒక్కసారి కూడా ఆగలేదు. దాని ఒరలో ఎవరూ అక్షింతలు వేయలేదు మరి.

"పాలిమర్ ఫెయిల్" అన్నాడు బ్రెంట్.

"పాలిమర్ ఫెయిల్ కాదు. ఏ తుపాకిలో గింజ వేసినా ఆగుతుంది. స్టీల్‌లో వేసి చూడండి."

"నేను పిస్టల్‌లో బియ్యం వేయను, కిడ్. వేసింది నువ్వు."

జరిగింది అక్కడే చెప్పేశాను, పండగ, ఆంటీ, కుక్కర్, అన్నీ. నిజం చెబితే తేలిపోతుందని. నేను చెబుతున్నకొద్దీ బ్రెంట్ ముఖం జాగ్రత్తగా మారిపోయింది. చివరికి గొంతు తగ్గించి, "ఇది హెచ్‌ఆర్‌కి పంపాలి" అన్నాడు.

అక్టోబర్ 26

ట్రక్కు నుంచి దింపారు. తేలేదాకా లోపలే. నాణేలు చుట్టే మిషన్ దగ్గర కూర్చోబెట్టారు. ట్రక్కులో అక్క పక్కన ఇప్పుడు ఆ ఫోల్డర్ కుర్రాళ్ళలో ఒకడు. పేరు హర్ష. నన్ను చూసి "థాంక్స్ అన్నా" అన్నాడు.

అక్టోబర్ 28, శనివారం

హెచ్‌ఆర్ కిర్స్టెన్ అట. ఫోన్ చేసింది. గొంతులో తేనె.

రెండే దార్లు. ఒకటి — కంపెనీ ఆయుధంలో బయటి పదార్థం పెట్టడం. అంటే నా మీద చర్య, పాలిమర్ ఫలితం ఫెయిల్‌గానే ఉంటుంది, కొనేది స్టీలే. రెండోది — అది నా మతాచారం. అప్పుడు కంపెనీ నాకు వీలు కల్పించి ఉండాలి, కల్పించలేదు కాబట్టి పరీక్ష చెల్లదు. మళ్ళీ పెడతారు.

"ఆయుధాలను ఆశీర్వదించడం మీ విశ్వాసంలో భాగమా? సోమవారం చెప్పండి. తొందర లేదు."

నేను. పదహారేళ్ళప్పుడు జంధ్యం వద్దని అన్నం మానేసినవాణ్ణి. పాలిమర్ గెలవాలంటే పిస్టల్‌కి మొక్కుతానని చెప్పాలి. చెప్పకపోతే అక్క తుంటి మీద మళ్ళీ కిలో ఇనుము, ఇంకో పదేళ్ళు. పదేళ్ళు ఎక్కడ, ఈ చలికాలం దాటదు.

ఏ కరపత్రంలోనూ ఇది రాయలేదు.

అక్టోబర్ 29

అక్క చర్చి నుంచి తిన్నగా ఇటు వచ్చింది, పిల్లల్ని కార్లో ఉంచి. మెట్ల మీదే నిలబడింది. బ్రెంట్ చెప్పేశాడట.

"నా కోసం అబద్ధం ఆడతావంటగా."

"ఇంకా అనుకోలేదక్కా."

"అనుకోకు. నీ అబద్ధం మీద నా నడుము నిలబడక్కర్లేదు."

పైనుంచి ఆంటీ దిగింది. ఇద్దరినీ మొదటిసారి ఒకచోట చూడటం. ఆంటీ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నేను వచ్చి చెప్పాల్నా అమ్మా వాళ్ళకు? ఏసింది నేను. పిలగాన్ది ఏం తప్పు లేదు."

"మీరేం చేశారండీ, బిడ్డ క్షేమం కోరారు. మేమూ కోరుకుంటాం. కాపోతే మేం నోటితో చేస్తాం, బియ్యం వెయ్యం."

ఆంటీ నవ్వింది. అక్కా నవ్వింది. ఇద్దరూ కలిసి నా మీద నవ్వుకున్నట్టుంది. పిల్లల్ని కూడా లోపలికి పిలిచి, టీ తాగి వెళ్ళింది. నేనొక్కణ్ణే ఇంకా కోపంగా మిగిలాను.

అక్టోబర్ 30, సోమవారం

కాల్ అయిపోయింది. మాట మాటా రాసుకుంటున్నాను, రేపు నేను మార్చి చెప్పుకోకుండా.

"ఇది మీ విశ్వాసమా?"

"కాదు. నేను దేవుణ్ణి నమ్మను."

"ఓకే. మరి ఇది ఎవరు చేశారు?"

"నేను ఉండే ఇంట్లో పెద్దావిడ. నాకేం కాకూడదని."

"అంటే మీ కుటుంబ ఆచారం."

"కుటుంబం కాదు. ఇంటి ఓనర్."

"మీరు దాన్ని ఆపారా?"

"తుడిచాను. సరిగ్గా తుడవలేదు."

కీబోర్డు శబ్దం. చాలాసేపు. "మీరు ఇంత నిజాయితీగా పంచుకున్నందుకు థాంక్స్. మీ కమ్యూనిటీ ఆచారంగా రాసుకుంటున్నాను. పరీక్ష మళ్ళీ పెడతాం."

"నేను అలా చెప్పలేదు."

"మీ భావాలు పూర్తిగా గౌరవిస్తున్నాం."

నిజమే చెప్పాను. ఒక్క ముక్క అబద్ధం లేదు. అయినా వాళ్ళ రికార్డులో ఇప్పుడు నేను ఆయుధాలకి పూజ చేసేవాణ్ణి. సాయంత్రం బ్రాంచి అందరికీ ఈమెయిల్, దీపం బొమ్మతో — మా సహోద్యోగుల ఆయుధ పండుగను గౌరవిద్దాం, హోల్‌స్టర్లు వారానికోసారి దులుపుకుందాం. ఆంటీ అది ప్రింట్ తీసి ఫ్రిజ్‌కి అంటించమంటోంది.

నవంబర్ 1

ట్రక్కు ఎక్కనిచ్చారు. పరీక్ష శుక్రవారం. కానీ నేను కాల్చకూడదట. "నువ్వు పక్షపాతివి" అన్నాడు బ్రెంట్. మొదటిసారి అతను సరిగ్గా మాట్లాడాడని ఒప్పుకోవలసి వచ్చింది, లోపల్లోపల.

కాల్చేది రత్నక్క.

నవంబర్ 2

ట్రక్కులో, నార్త్ వైపు వెళ్తూ —

"రేపు చెయ్యి బాగుంటే సరే. బాగోకపోతే ఏమనాలి అబ్బాయ్? నువ్వు ఇంత చేశావని పాలిమరే బాగుందనాలా?"

"నిజం చెప్పు అక్కా."

"నిజం చెబితే ఇద్దరం ఓడిపోతే?"

మంచు పలచగా పడుతోంది. వైపర్లు వేసింది. మాల్ వచ్చేసింది, సంచులు దించాం.

నవంబర్ 3, శుక్రవారం

అక్క పాలిమర్‌తో కాల్చింది. తొందర లేదు, తడబాటు లేదు. అన్నీ లోపలి గీతలోనే. ఒక్కటి కూడా ఆగలేదు. బ్రెంట్ కాగితం మీద రాస్తూ తల ఎత్తకుండానే — "బాగా నడిచింది. మోసేది నువ్వు. ఏది కావాలి, రత్నా?"

అడిగాడు. మోసేవాళ్ళని అడిగాడు. ఎగిరి గంతెయ్యాల్సిన క్షణం.

అక్క పిస్టల్ బల్ల మీద పెట్టి, చేతులు రెండూ జాకెట్ జేబుల్లో పెట్టుకుంది. నా వైపు చూడలేదు. "సోమవారం చెప్తా" అంది.

తిరుగు దారి డీర్‌ఫుట్ హైవే మీద. ట్రాఫిక్ కదలడం లేదు. నడుపుతున్నది అక్క. రేడియోలో హాకీ. ఆమె దాన్ని తగ్గించలేదు, పెంచలేదు.

డిపో దాకా స్టీరింగ్ ఎడమ చేత్తోనే పట్టుకుంది, కుడి మణికట్టు ఒళ్ళో పెట్టుకుని.